రిలీవరు లేని బౌలరు

పటాన్‌చెరువులోను, రామచంద్రాపురములోను, సదాశివపేటలోను కర్మాగారములకు వెళ్లే మనుషులున్న యిండ్లలో ‘రిలీవరు’ అనే మాటకు అర్థము చెప్పనక్కరలేదు. షిఫ్టు ముగిసే వేళకు వచ్చి, యంత్రము దగ్గర నిలబడిన మనిషిని విడిపించేవాడు రిలీవరు. అతడు రాకపోతే ఆ నిలబడిన మనిషే మరొక షిఫ్టు కూడ నిలబడవలసివస్తుంది. ఇంటివద్ద వండిన అన్నము చల్లారిపోతుంది. 1960వ దశాబ్దములో రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము వెలసినది మొదలు సంగారెడ్డి ప్రాంతములో పరిశ్రమలు పెరిగిన కొలది, ఈ మాట మన పల్లెల తెలుగులో కూడ కలిసిపోయినది.

అమెరికావారికి మిక్కిలి ప్రియమైన బేస్‌బాల్ ఆటలో ఇదే పేరుతో ఒక వృత్తి ఉన్నది. రిలీఫ్ పిచర్ అంటారు. పిచర్ అనగా బంతి విసిరేవాడు. మన బౌలరు బంతిని నేలకు తాకించి పంపుతాడు. పిచర్ నేల తాకకుండ నేరుగా బ్యాటు పట్టినవాని మీదికి విసరుతాడు. ఒక్కొక్క జట్టుకు తొమ్మిదేసి విడతలు. ఆట ప్రారంభించిన పిచర్ చేయి అయిదారు విడతలకు బరువెక్కుతుంది. అప్పుడు జట్టు నిర్వాహకుడు మైదానములోనికి నడచివచ్చి, అతని చేతిలోని బంతిని తీసుకొని, అప్పటివరకు ఒక మూల చేయి వేడి చేసుకొంటున్న మరొక మనిషిని పిలుస్తాడు. ఆ వచ్చినవాడే రిలీఫ్ పిచర్. వెళ్లినవాడు ఆ రోజు మళ్లీ ఆటలోనికి రారాదు.

ఈ ఏర్పాటు ఆటతోపాటు పుట్టినది అనుకొనరాదు. 1891వ సంవత్సరమునకు పూర్వము అక్కడ ఆటగాండ్రను యథేచ్ఛగా మార్చుకొనే వీలు లేదు. పిచర్ అలసిపోతే మైదానములో ఉన్న తోటివానితో స్థానము మార్చుకోవలసినదే. 1891లో నిబంధన సడలినది కాని, మనుషుల మనస్సు అంత త్వరగా సడలలేదు. మొదలుపెట్టినవాడు ముగించకుండ వెళ్లిపోవుట పరువు తక్కువ అని ఆ కాలపు వారి భావము. సై యంగ్ అనే పిచర్ తన జీవితకాలములో 749 ఆటలను తానే మొదలుపెట్టి తానే ముగించినాడు. ఆ సంఖ్యను నేటికీ ఎవ్వరును అందుకొనలేదు, ఇక అందుకొనబోరు. తరువాతి వారికి శక్తి తగ్గి కాదు. అటువంటి అవసరము రాకుండ ఆట తన్ను తాను దిద్దుకొన్నది. 1920లలో వాషింగ్టన్ జట్టున ఫర్పో మార్బెరీ ముఖ్యముగా చివరి ఘట్టములకే పేరు పొందినాడు. 1960 ప్రాంతములో జెరోమ్ హోల్ట్జ్‌మన్ అనే షికాగో పత్రికా రచయిత, గెలుపును కాపాడి ముగించిన పిచర్ ఖాతాలో వేయుటకు ‘సేవ్’ అనే లెక్కను కల్పించినాడు. 1969లో అది అధికారిక గణాంకములలో చేరినది. లెక్క పుట్టిన పిమ్మట గౌరవము, గౌరవము వెంట జీతము వచ్చినవి. లోకరీతి అదే కదా!

ఆ వృత్తికి శిఖరము మారియానో రివేరా. పనామా దేశములోని పుయెర్తో కైమితో అనే బెస్తపల్లెలో జాలరి యింట పెరిగినవాడు. 1995 నుండి 2013 వరకు న్యూయార్క్ యాంకీస్ జట్టుకు ఆడి 1115 ఆటలలో బంతి విసిరినాడు. 652 సేవ్‌లు సంపాదించినాడు. సగటున ఆటకు ఒక విడతకంటె కొంచెమే ఎక్కువ అతని పని. ఆ కొద్దిసేపటి పనికే 2019లో వారి కీర్తిమందిరమునకు 425 ఓట్లకు 425 ఓట్లతో ఎన్నికైనాడు. అట్టి ఏకగ్రీవము అంతకు ముందు ఎవ్వరికిని లభించలేదు. నేడు అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలకు ఈ పేరు కొత్త కాదు.

మన దేశములో ఈ వృత్తి లేదు. మనకు తెలిసిన ఆట క్రికెట్టు. అందులో గాయపడినవానికి బదులుగా వచ్చిన మనిషి బంతిని ఆపవచ్చును, పట్టవచ్చును. బంతి వేయుటకు మాత్రము అర్హుడు కాడు. 2019లో తలకు దెబ్బ తగిలి స్పృహ చెదిరినవాని విషయములో మినహాయింపు యిచ్చినారు. బౌలరుకు న్యాయముగా దొరికే విశ్రాంతి ఒక్కటే: ఒకే మనిషి వరుసగా రెండు ఓవర్లు వేయరాదు గనుక, అవతలి కొననుండి మరొకడు ఆరు బంతులు వేసేంతసేపు ఊపిరి తీసుకోవచ్చును. తక్కినదంతయు జట్టులో ఉన్న బలమును బట్టి, నాయకుని దయను బట్టి.

రిలీవరు రాని షిఫ్టు ఎంత దీర్ఘముగా ఉంటుందో తెలిసికొనుటకు హైదరాబాదు గులాం అహ్మద్ గారి జీవితమును మించిన ఉదాహరణ నాకు కనబడదు. 1922 జులై 4న హైదరాబాదులో పుట్టిన ఆయన పదిహేడేండ్ల వయస్సున, 1939-40లో, రంజీ పోటీలలో హైదరాబాదు తరఫున ఆడనారంభించినారు. ఆయన వేసినది ఆఫ్‌స్పిన్. అంటే కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు బయటి వైపున పడి లోపలికి తిరిగే బంతి. వేగముతో భయపెట్టే విద్య కాదు అది. ఒకే చోట, ఒకే పొడవున, గంటల తరబడి వేసి ఎదుటివాని ఓర్పును హరించే విద్య. ఆ కారణముననే ఆయనను మార్చవలసిన అగత్యము ఏ నాయకునికీ తోచలేదు కాబోలు.

1950-51లో రంజీ ట్రోఫీ సెమీఫైనల్. ఎదురు జట్టు హోల్కర్. ఆ దశాబ్దములో దేశములో హోల్కర్‌ను మించిన జట్లు అరుదు. దానికి ఆ బలము చేకూర్చినది మన తెలుగువాడైన కర్నల్ సి. కె. నాయుడు గారు, పిమ్మట 1953-54లో ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీలో అడుగిడినప్పుడు నాయకత్వము వహించినవారును వారే. ఈ సెమీఫైనల్‌లో హోల్కర్ ఒకే ఇన్నింగ్సులో 757 పరుగులు చేసినది. గులాం అహ్మద్ గారు 92 ఓవర్ల 3 బంతులు వేసినారు. అందులో 21 మెయిడెన్లు. 245 పరుగులు యిచ్చి 4 వికెట్లు తీసినారు.

ఈ అంకెలను కొంచెము నిదానముగా చూడవలెను. నేడు టెస్టు మ్యాచ్‌లో ఒక పూర్తి దినమునకు ఒక జట్టు అంతయు కలిసి వేయవలసిన ఓవర్లు 90. ఆయన ఒక్కరే అంతకంటె ఎక్కువ వేసినారు. ఒకరు విడిచి ఒకరు వేయవలెను గనుక ఆ ఇన్నింగ్సు తక్కువలో తక్కువ 184 ఓవర్లు సాగి ఉండవలెను; అనగా నేటి కొలతతో రెండు దినములకు మించి. మొత్తము 555 బంతులు. ఒక్కొక్క బంతికి అవే నాలుగైదు అడుగుల పరుగు, అదే భుజము పైకి లేచుట, అవే వేళ్లు కుట్టుమీద తిరుగుట. అంతటి సేపటిలోను ఓవరుకు మూడు పరుగులు కూడ యివ్వలేదు! ఎదుటివారు అన్ని పరుగులు చేస్తున్నప్పుడు ఈ పొదుపు ఎట్లు సాధ్యమైనదో క్రికెట్టు ఎరిగినవారు ఊహించుకొనగలరు.

ఇది ప్రపంచ రికార్డు అని అప్పుడు ఘనముగా చెప్పుకొన్నారు. చెప్పుకొనదగినదే. అయితే ఆ ఘనతలో ఒక లోటు కూడ దాగియున్నదని నా అభిప్రాయము. ఒక మనిషి 92 ఓవర్లు వేసినాడంటే, ఆ జట్టులో ఆయన చేతినుండి బంతి అందుకొని అంత భద్రముగా వేయగలవాడు మరొకడు లేడని అర్థము. ఒకే కార్మికుడు రెండు షిఫ్టులు నిలబడినాడని కర్మాగారము గర్వించవచ్చునా? హాజరుపట్టీ చూచినవారు ముందుగా అడిగే ప్రశ్న, రెండవ మనిషి ఏడీ అనే. తరువాత, 1957లో, ఇంగ్లండులోని ఎడ్జ్‌బాస్టన్‌లో వెస్టిండీస్ బౌలరు సానీ రామధిన్ ఒక ఇన్నింగ్సులో 98 ఓవర్లు, 588 బంతులు వేసినాడు. టెస్టులలో దానిని మించినది నేటికీ లేదు. ఆ ఎడతెగని శ్రమ తరువాత రామధిన్ మాయ ఇంగ్లండు వారిపై మునుపటివలె పని చేయలేదని చరిత్రకారులు వ్రాస్తారు.

గులాం అహ్మద్ గారి టెస్టు జీవితము 1948 డిసెంబరు 31న కలకత్తాలో వెస్టిండీస్‌పై ప్రారంభమైనది. ఎదురుగా నిలిచినవాడు ఎవర్టన్ వీక్స్. ఆ మ్యాచ్‌లోనే రెండు శతకములు చేసి, వరుసగా అయిదు టెస్టు శతకముల ఘనత సాధించినవాడు. కొత్త బౌలరుకు కఠినమైన గురువే దొరికినాడు. 1952లో ఇంగ్లండు పర్యటనలో ఆయన 80 వికెట్లు తీసినారు. లీడ్స్‌లో మొదటి టెస్టున 63 ఓవర్లు వేసి సరిగా 100 పరుగులకు 5 వికెట్లు పడగొట్టి ఇంగ్లండును 334కు నిలిపినారు. అంత శ్రమపడి వచ్చి కూర్చున్న మనిషి చెమట ఆరకముందే మన రెండవ ఇన్నింగ్సులో ఒక్క పరుగైనా రాకుండ నాలుగు వికెట్లు కూలినవి. ట్రూమన్ పేరు ఆనాడు లోకమంతా మ్రోగినది. 63 ఓవర్ల మాట ఎవ్వరికి జ్ఞాపకము?

అదే సంవత్సరము అక్టోబరులో ఢిల్లీలో పాకిస్తాను తన మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు మాత్రము మన ఆయనే రిలీవరు పాత్ర ధరించినారు, అదియు బ్యాటుతో! 263 పరుగులకు 9 వికెట్లు పోయిన తరుణములో చివరి మనిషిగా వచ్చి, హేమూ అధికారితో కలిసి 109 పరుగులు జోడించినారు. తన వంతు 50. చివరి వికెట్టుకు భారతదేశపు రికార్డుగా అది 2004 వరకు, ఢాకాలో టెండూల్కర్, జహీర్‌ఖాన్ 133 చేసే వరకు, నిలిచినది.

1955 నవంబరులో హైదరాబాదుకు మొట్టమొదటి టెస్టు మ్యాచ్ వచ్చినది. ఫతే మైదానములో న్యూజిలాండుపై ఆడిన ఆ జట్టుకు నాయకుడు గులాం అహ్మద్ గారే. ఉమ్రీగర్ 223 చేసి టెస్టులలో భారతీయుని తొలి ద్విశతకము నమోదు చేసినారు, గుప్తే 7 వికెట్లు తీసినారు, ఆట తేలలేదు.

మరుసటి ఏడు, 1956లో, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై ఆయన చేయి పరిపూర్ణముగా పండినది. 49 పరుగులకు 7 వికెట్లు. ఆస్ట్రేలియా 177కు ముగిసినది. రెండవ ఇన్నింగ్సులో మరి మూడు. మ్యాచ్ మొత్తమున 130 పరుగులకు 10. అంతటి బౌలింగుకు ప్రతిఫలముగా మన బ్యాట్స్‌మన్లు యిచ్చినది ఒక 136, మరొక 136. రిచీ బెనో 11 వికెట్లు పడగొట్టినాడు. మనము 94 పరుగులతో ఓడినాము. బౌలరును విడిపించేది మరొక బౌలరు మాత్రమే కాదు. తోటివారు తీరికగా బ్యాటింగు చేస్తే ఆ గంటలే అతనికి విశ్రాంతి. అదియు ఆయనకు తరచుగా దక్కలేదు.

1958-59లో వెస్టిండీస్ జట్టు వచ్చినప్పుడు ఒకే సిరీస్‌లో భారత జట్టు నలుగురు నాయకులను చూచినది. గులాం అహ్మద్ గారు కాన్పూరు, కలకత్తా టెస్టులకు నాయకులు. కాన్పూరులో గుప్తే ఒక్క ఇన్నింగ్సులో 9 వికెట్లు తీసినా 203 పరుగుల ఓటమి. కలకత్తాలో కన్హాయ్ 256 చేయగా ఇన్నింగ్సు 336 పరుగుల పరాజయము. టెస్టులలో అడుగుపెట్టిన ఊరిలోనే, పదేండ్లకు, ఆయన టెస్టు క్రికెట్టును విడిచిపెట్టినారు. 22 టెస్టులలో 68 వికెట్లు. ప్రథమశ్రేణి పోటీలన్నిటిలో 407. పిమ్మట 1975 నుండి 1980 వరకు క్రికెట్టు బోర్డు కార్యదర్శిగా పని చేసి, 1998 అక్టోబరు 28న కన్నుమూసినారు.

ఆ తరువాత హైదరాబాదు పంపిన బౌలర్లు పలువురు. అందులో ఒక్కరి మాట మాత్రము చెప్పి విరమిస్తాను. ఆటోరిక్షా నడిపేవాని కుమారుడు మహమ్మద్ సిరాజ్. 2025 వేసవిలో ఇంగ్లండులో అయిదు టెస్టులు. జట్టులోని మేటి బౌలరు బుమ్రా దేహమును కాపాడుకొనుటకై మూడింటిలోనే ఆడవలెనని ముందే నిశ్చయించినారు. నేటి వైద్యశాస్త్రము ఒప్పుకొన్న వివేకమే అది. సిరాజ్ అయిదింటిలోను ఆడి 185 ఓవర్ల 3 బంతులు, అనగా 1113 బంతులు, వేసినాడు. 23 వికెట్లు తీసినాడు. వేగముగా పరుగెత్తి వేసేవాని శ్రమ వేరు, స్పిన్ వేసేవాని శ్రమ వేరు. అయినను, ఇందులో దాదాపు సగము గులాం అహ్మద్ గారు ఒక్క ఇన్నింగ్సులో వేసినారని గుర్తుంచుకొనవలెను.

ఆగస్టు 4న ఓవల్ మైదానములో చివరి దినము. ఇంగ్లండుకు 35 పరుగులు కావలెను, నాలుగు వికెట్లు ఉన్నవి. సిరాజ్ అందులో మూడు తీసినాడు; 6 పరుగులతో భారతదేశము గెలిచినది, సిరీస్ 2-2గా సమమైనది. చివరి బంతి అట్కిన్సన్ వికెట్టును కూల్చినప్పుడు అవతలి కొనలో నిలబడినవాడు క్రిస్ వోక్స్. మొదటి దినముననే భుజము జారి, ఎడమ చేయి స్వెటరు లోపల కట్టుకొని, ఒంటిచేతితో బ్యాటు పట్టి వచ్చినాడు. అతనికి బదులుగా బంతి వేయుటకు ఎవ్వరికిని అనుమతి లేకపోవుటచేత, ఇంగ్లండు ముఖ్యముగా మిగిలిన ముగ్గురు వేగవంతులతో మన రెండవ ఇన్నింగ్సును నెట్టుకొని వచ్చినది. ఆ ఆగస్టులోనే మన బోర్డు 2025-26 దేశవాళీ క్రికెట్టులోని పలుదినముల పోటీలకు కొత్త నిబంధన తెచ్చినది. మైదానములో తీవ్రముగా గాయపడిన ఆటగానికి బదులు అతనివంటి మరొకనిని దించవచ్చును. వచ్చినవాడు బంతి కూడ వేయవచ్చును. గాయమునకు మాత్రమే ఆ సౌకర్యము, అలసటకు లేదు.