మెమోయిజేషన్‌లో ‘ర’ ఏమైంది?

మెమోయిజేషన్ అని చూసి చాలామంది అచ్చుతప్పు అనుకుంటారు. మెమరైజేషన్‌లో ‘ర’ జారిపోయి పుట్టిన మాట కాదిది. 1968లో డొనాల్డ్ మికీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ‘నేచర్’ పత్రికలో ‘మెమో ఫంక్షన్ల’ గురించి రాశాడు; ఈ మాట అందులోంచి వచ్చిందే. మన ఆఫీసుల్లో ఉద్యోగులను హడలెత్తించే మెమోకీ దీనికీ మూలం ఒకటే, లాటిన్ ‘మెమొరాండం’: గుర్తుంచుకోవలసినది.

ఫిబొనాచీ 40వ సంఖ్యను ఉట్టి రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకునే పద్ధతిలో, కట్టమంటే ఆ ఫంక్షన్‌ను 33 కోట్లసార్లకు పైగా పిలవాల్సి వస్తుంది. తేలిన జవాబును రాసిపెట్టుకుంటే ఆ గోల తప్పుతుంది; అదే మెమోయిజేషన్. దీనికి బదులు వాడే ట్యాబ్యులేషన్ కింది నుంచి మొదలెట్టి, ఎక్కం రాసినట్టు పట్టికలో గళ్లన్నీ వరసగా నింపుతుంది. కొన్ని గళ్లే కావాలంటే మెమో నయం. అన్నీ కావాలంటే నా ఓటు పట్టికకే. మెమోకు కావలసిన రికర్షన్ లోతు పైథాన్‌లో మామూలుగా 1000 దగ్గరే ఆగిపోతుంది మరి.