కణవిభజనకు విరామం: డి.ఎన్.ఏ. దెబ్బతిన్నప్పుడు కణం ఏం చేస్తుంది?

ఒక కణం రెండుగా విడిపోయే ముందు తనలోని డి.ఎన్.ఏ.కు పూర్తి నకలు తీసుకుని, పిల్లకణాలకు చెరొక ప్రతి పంచియిస్తుంది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ఈ పని ఎక్కడా ఆగకుండా సాగిపోతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి అవసరమైనప్పుడు కణం మధ్యలో ఆగుతుంది. ఆ విరామమే చాలాసార్లు దాని ప్రాణం నిలుపుతుంది.

మానవ శరీరంలోని ఒక్కొక్క కణంలో డి.ఎన్.ఏ.కు రోజూ పదివేలకు పైగా చిన్న దెబ్బలు తగులుతాయని అంచనా. వీటిలో ఎక్కువ భాగం నీటితో, ఆక్సిజన్‌తో జరిగే సహజ రసాయనిక చర్యల ఫలితాలే. చాలావరకు వెంటనే సర్దుకుంటాయి. ఎక్స్ కిరణాల వంటివి డి.ఎన్.ఏ. రెండు పోగులనూ ఒకేచోట తెంపితే మాత్రం ప్రమాదం. ఆ స్థితిలో విభజన జరిగితే తెగిన క్రోమోజోము ముక్క దారి తప్పుతుంది, లేదా పూర్తిగా పోతుంది.

రేడియేషన్ సోకిన కణాలు విభజనను ఆపుతాయని శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. దెబ్బకు కదల్లేక ఆగుతున్నాయా, తమంతట తామే ఆగుతున్నాయా అన్నదే తేలలేదు. 1988లో అమెరికాలోని సియాటిల్ నగరంలో టెడ్ వైనర్ట్, లీలండ్ హార్ట్‌వెల్ దీనికి సమాధానం చూపారు. వారు ఎన్నుకున్నది రొట్టెల పిండిని పులియబెట్టే ఈస్టు. ర్యాడ్-9 అనే జన్యువు లోపించిన ఈస్టు కణాలు ఎక్స్ కిరణాలు తగిలినా ఆగలేదు. తెగిన క్రోమోజోములతోనే విభజన చెందుతూ పోయి మరణించాయి. అంటే ఆగడం అశక్తత కాదు, కణం తనకు తాను ఇచ్చుకునే ఆజ్ఞ. ఆ తరువాతి మెట్టు ఇంకా ముఖ్యమైనది. లోపమున్న ఆ కణాలనే ఒక రసాయనంతో కొన్ని గంటలపాటు బలవంతంగా ఆపి, పిమ్మట వదిలిపెట్టారు. ఈసారి బతికి బయటపడిన కణాల సంఖ్య బాగా పెరిగింది. మరమ్మతు చేసుకునే శక్తి వాటికి ఉంది, లేనిదల్లా వ్యవధి.

ఈ ఏర్పాటుకు 1989లో వారిద్దరూ ‘చెక్‌పాయింట్’ అనే పేరు వాడారు. సరిహద్దు ఊళ్లవారికి ఈ మాట వివరించనక్కరలేదు. కణచక్రంపై చేసిన కృషికి హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మానవ కణాల్లో పోగులు తెగిన కబురును అందుకునేది ముఖ్యంగా ఏ.టి.ఎం. అనే ప్రొటీను. అది మరికొన్ని ప్రొటీన్లను మేల్కొలిపి, విభజనను ముందుకు నడిపే ఎంజైములకు అడ్డు వేయిస్తుంది. ఇది నిమిషాల్లో జరిగే పని. ఎక్కువసేపు ఆపి ఉంచే బాధ్యత 1979లో కనుగొన్న పి-53ది. మామూలు రోజుల్లో కణం దీన్ని తయారైనది తయారైనట్లే నాశనం చేస్తుంటుంది. దెబ్బ తగలగానే ఆ నాశనం ఆగి, పి-53 పోగుపడి, పి-21 అనే మరో ప్రొటీనును తయారు చేయించి విభజనకు పగ్గం వేస్తుంది. గాయం మానితే కణం మళ్లీ కదులుతుంది. మానకపోతే శాశ్వతంగా ఆగిపోవచ్చు, లేదా తనను తానే అంతం చేసుకోవచ్చు.

ఏ.టి.ఎం. జన్యువును 1995లో గుర్తించినది ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధి కారణం వెదుకుతూ. అటాక్సియా టెలాంజియెక్టేసియా అనే ఆ వ్యాధి ఉన్న పిల్లలు నడక నేర్చే వయసులోనే తూలుతారు. కొన్నేళ్లకు కళ్ల తెల్లగుడ్డుపై ఎర్రటి రక్తనాళాలు తేలుతాయి. వీరికి రక్త, లింఫ్ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. ఆ క్యాన్సర్‌కు మామూలు మోతాదులో రేడియేషన్ ఇస్తే అదే ప్రాణాంతకం కావచ్చు. అందుకే చికిత్సకు ముందే ఈ వ్యాధిని గుర్తించడం అత్యవసరం.

మానవ క్యాన్సర్లలో దాదాపు సగంలో పి-53 జన్యువు చెడి ఉంటుంది. అటువంటి కణాలు నకలు తీయడానికి ముందు ఆగలేవు; విడిపోవడానికి ముందు వచ్చే చివరి విరామం మీదే ఎక్కువగా ఆధారపడతాయి. ఆ ఒక్క విరామాన్నీ తొలగిస్తే అవి గాయాలతోనే విభజనకు దిగి నశిస్తాయన్న ఆలోచనతో వీ-1 అనే ఎంజైమును అడ్డగించే మందులను రోగులపై పరీక్షించారు. క్యాన్సర్ కణాలతోపాటు ఆరోగ్యకరమైన రక్తకణాలూ దెబ్బతినడం ఈ మందులతో వచ్చిన ప్రధాన చిక్కుల్లో ఒకటి.