ఇత్తడి పటాలం

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక ఇత్తడి పటాలం ఉంది. గుర్రపు రౌతులూ కాలిబంట్లూ అందరూ బొమ్మలే. 1795 ప్రాంతంలో పెద్దాపురం రాజా తిమ్మ జగపతి కోరి చేయించుకుంటే విశాఖపట్నం పనివాళ్లు పోతపోసి ఇచ్చారు.

ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. 1766లో ఈ తీరంలోని ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. 1780 అక్టోబరు 3న, హైదర్ అలీ మీదికి యుద్ధానికి ఓడెక్కమని ఆజ్ఞ వస్తే విశాఖ సిపాయిలు తిరగబడ్డారు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం రాజు రెండో విజయరామరాజు కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగాడు. తగవు పేష్కష్ (కప్పం) బకాయిలతో ముదిరింది. కానీ జమీందారు చేతిలో సొంత సైన్యం ఉండటమే మద్రాసు దొరలకు అసలు కంటగింపు. 1802లో శాశ్వత శిస్తు వచ్చాక జమీందార్లు శిస్తు కట్టేవాళ్లుగా మిగిలారు.

అసలు సైన్యాలు కరిగిపోతున్న రోజుల్లో ఒక రాజు బొమ్మల సైన్యాన్ని పోయించుకున్నాడు! దాన్ని వెక్కిరింపుగా చేశారని అనలేం. కానీ ఆ కాలం మీద అంతకంటే పదునైన వ్యాఖ్య ఇంకోటి లేదు.

ఆ బొమ్మలు పోసిన విశాఖపట్నంలోనే కంపెనీ అధికారుల కోసం రాతబల్లలు, పెట్టెలు తయారయ్యేవి. కర్ర మీద ఏనుగు దంతపు రేకులు తాపడం చేసి, సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవారు. ఆ తాపడం పనిని 1756లోనే మేజర్ జాన్ కోర్నీల్ ప్రస్తావించాడు. దొరల హుకుములకు కావలసిన బల్ల కూడా మన పనివాడి చేతిదే.

ఇవాళ విశాఖ పక్కనున్న అనకాపల్లి జిల్లాలో పరవాడ అంటే ఫార్మా సిటీ, సింహాద్రి విద్యుత్ కేంద్రం. కానీ ఆ జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్కబొమ్మల పని బతికే ఉంది. తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

2025 జనవరి 26న ఢిల్లీ కర్తవ్య పథ్‌లో, గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మలదే. శకటం రోడ్డెక్కాలంటే ముందు బొమ్మ గీసి చూపాలి, తర్వాత నమూనా చేసి రక్షణ శాఖ నియమించిన నిపుణుల సంఘాన్ని ఒప్పించాలి. ఆ మెట్లన్నీ ఎక్కి, సైనిక దళాలు కదం తొక్కిన దారినే ఏటికొప్పాక లక్కబొమ్మలూ సాగాయి. రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి వాటికి దక్కింది.