బేస్‌బాల్ పిచ్చోళ్లు కనిపెట్టినవి రెండు, మన కొల్లేరుకి వచ్చింది ఒకటే

ఏలూరులో గానీ తాడేపల్లిగూడెంలో గానీ బేస్‌బాల్ గురించి అడిగితే ఎక్కువమంది మొహమే చూస్తారు. మనకి ఆట అంటే క్రికెట్టే. అయినా అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు సరదాకి మొదలెట్టిన ఓ పని కైకలూరు, ఆకివీడు చెరువు గట్ల దాకా వచ్చి కుర్రోళ్ల జేబులు ఖాళీ చేసింది. అదే అభిమానులు చేసిన రెండో పని, అసలు మంచి పని, మన దాకా రాలేదు.

ముందు ఆ మంచి పని సంగతి చూద్దాం. బిల్ జేమ్స్ అని కాన్సాస్ రాష్ట్రంలో ఒకాయన ఉండేవాడు. బీన్స్ డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఆయన ఉద్యోగం. ఆ ఖాళీలో బేస్‌బాల్ స్కోర్లు ముందేసుకుని లెక్కలు కట్టేవాడు. 1977లో ఆ లెక్కల్ని సొంత ఖర్చుతో అచ్చేస్తే వంద కాపీలు కూడా పోలేదు. ఆయన అడిగింది చిన్న ప్రశ్న. బేస్‌బాల్‌లో బౌలింగ్ చేసేవాడు నాలుగు బంతులు బయటికేస్తే బ్యాటర్‌కి మొదటి బేస్ ఊరికే ఇచ్చేస్తారు. అలా చెడ్డ బంతులు వదిలేసి బేస్ చేరినవాడికి సగటులో మాత్రం ఒక్క పాయింటూ కలవదు. ఔటవకపోవడమే కదండీ ముఖ్యం, మరి దానికి విలువ కట్టరేం?

ఇంటర్నెట్ వచ్చాక ఇలాంటోళ్లందరూ ఒకచోట చేరారు. 1990లలో యూజ్‌నెట్‌లో బేస్‌బాల్ చర్చా గుంపు ఒకటుండేది. అక్కడ వాదులాడుకున్నవాళ్లే 1996లో ‘బేస్‌బాల్ ప్రాస్పెక్టస్’ పెట్టారు. వోరోస్ మెక్‌క్రాకెన్ అనే కుర్రాడైతే ఒక్కసారి బ్యాట్‌కి తగిలాక బంతి ఏమవుతుందన్నది బౌలర్ చేతిలో పెద్దగా ఉండదని లెక్కలతో వాదించాడు. మొదట నవ్వారు. తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు అతన్నీ, బిల్ జేమ్స్‌నీ కూడా పిలిచి పనిచ్చింది. ఆ జట్టు 1918 తర్వాత మళ్లీ కప్పు కొట్టింది 2004లో, అంటే 86 ఏళ్లకి. అంతా వీళ్ల చలవే అనను గానీ, ఆటగాణ్ని ఎలా ఎంచాలో జట్ల ఓనర్లకి నేర్పింది మాత్రం అభిమానులే. ఓక్లాండ్ జట్టు మీద 2003లో వచ్చిన ‘మనీబాల్’ పుస్తకం, 2011లో వచ్చిన సినిమా ఈ కథే.

ఇక మన దాకా వచ్చిన రెండోది. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే జర్నలిస్టు, ఆయన స్నేహితులు న్యూయార్క్‌లో ఓ ఆట మొదలెట్టారు. నిజం ఆటగాళ్లని ఏరుకుని ఊహా జట్టు కట్టుకోవడం, వాళ్లు మైదానంలో ఆడినదాన్ని బట్టి పాయింట్లు లెక్కేసుకోవడం. ఇప్పటి ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లకి మూలం అదే. అది క్రికెట్ వేషం కట్టి, 2008లో మన దేశంలో డ్రీమ్11గా దిగింది. 2018లో ధోనీ ప్రచారం, 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్, 2023లో టీమిండియా జెర్సీ మీద పేరు. అమెరికా స్నేహితులు సీజనంతా నడిపిన ఆటని ఇక్కడ ఒక్క రాత్రికి కుదించి, ఎంట్రీ ఫీజు పెట్టారు.

తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. ఆగారా? ఫోన్‌లో లొకేషన్ మార్చేవాళ్లు, పక్క రాష్ట్రంలో ఉన్న బావమరిది ఫోన్‌తో ఆడేవాళ్లు ఉండనే ఉన్నారు. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం తెచ్చాక డబ్బు పోటీలు మూసేశారు. ఇప్పుడు మిగిలింది ఇంకా అధ్వానం. జట్టు పేరు, కెప్టెన్ ఫొటో పెట్టుకుని అభిమానుల గ్రూపులా కనపడే టెలిగ్రామ్ ఛానళ్లు. లోపలికెళ్తే ‘ఈ రోజు టాస్ పక్కా’ అంటూ విదేశీ బెట్టింగ్ సైట్ల లింకులు. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లు తిరుగుతుంటే రాత్రంతా మేలుకోవాల్సిన కుర్రాడికి ఫోనే తోడు. ఆ తోడులోకి దూరుతున్నారు వీళ్లు.

మనకిది కొత్త జబ్బేం కాదు లెండి. కోడిపుంజు రంగు, తిథి, దిక్కు చూసి గెలుపు చెప్పడానికి కుక్కుట శాస్త్రమే ఉంది మన దగ్గర. డేగో కాకో నెమలో దూరం నుంచే చెప్పగల కళ్లున్నాయి. అంత జ్ఞానమూ సంక్రాంతి బరిలో పందెం కాసి ఊరుకుంది.

తెలుగు క్రికెట్ అభిమానులకి బలం లేదా అంటే, బోలెడుంది. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్, 2020 లాక్‌డౌన్‌లో భార్యతో ‘బుట్టబొమ్మ’ పాటకి స్టెప్పులేశాడు. మరుసటి ఏడు సీజన్ మధ్యలోనే ఫ్రాంచైజీ కెప్టెన్సీ తీసేస్తే, మనోళ్లు మాత్రం వార్నర్‌ని వదల్లేదు. 2025లో ‘రాబిన్‌హుడ్’ సినిమాలో కనపడే దాకా మోశారు. ఆస్ట్రేలియా ఆయన్ని తెలుగు హీరోని చేసింది ఈ మీమ్‌లు, రీల్స్, కామెంట్లే. సినిమా అభిమాన సంఘాల నుంచి వచ్చిన విద్య ఇది. మార్కెట్‌ని కదిపింది, ఆటని మాత్రం కదపలేదు.

కదపడానికి సరుకు లేకా? మేత ఎంత వేశాం, కౌంట్ ఎంతకొచ్చింది, కిలో చేపకి ఎన్ని కిలోల మేత పట్టింది అని రోజూ నోట్‌బుక్‌లో రాసుకునే రైతులున్న నేల ఇది. ఎకానమీ రేటు వాళ్లకో లెక్కా! గూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ప్రోగ్రామింగ్ వచ్చిన పిల్లలు, తలో రాష్ట్రం, తలో జట్టు అభిమానులు, ఒకే హాస్టల్. అంతర్జాతీయ, ఐపీఎల్ మ్యాచుల బంతి బంతి లెక్కలు క్రిక్‌షీట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఊళ్లో టోర్నమెంట్ల స్కోరు ఎక్కించడానికి క్రిక్‌హీరోస్ లాంటి యాప్‌లున్నాయి.

సంక్రాంతి టెన్నిస్ బాల్ టోర్నమెంట్లతోనే మొదలెట్టొచ్చు. కప్పు ఎవరిదో, సిక్సులు ఎన్నో గుర్తుంటాయి. ఆఖరి ఓవర్లలో ఎన్ని డాట్ బాల్స్ వేశాడన్నది ఎవరూ రాయరు. బిల్ జేమ్స్ పట్టించుకున్నది సరిగ్గా ఇలాంటివే. అవి మూడేళ్లు వరసగా రాసిపెట్టిన గ్రూపు ఒక్కటి ఏలూరులో ఉన్నా, జిల్లా జట్టు ఎంపికప్పుడు ఫలానా కుర్రాణ్ని ఎందుకు తీసుకోలేదని కాగితం చూపించి అడగొచ్చు.