కరువు, యువత: మెదక్ అనుభవం

మెదక్ చర్చిని చాలామంది అందమైన కట్టడంగానే చూస్తారు. చరిత్ర విద్యార్థులైన మీరు దానిని కరువు కాలానికి ఆధారంగా కూడా పరిశీలించాలి. కరువు రోజుల్లో ప్రజలకు పని, తిండి దొరికేలా చార్లెస్ వాకర్ పోస్నెట్ ఈ నిర్మాణాన్ని చేపట్టారు. 1924 డిసెంబరు 25న చర్చి ప్రారంభమైంది. అంతకుముందే ఈ ప్రాంతంలో మంజీర మీద ఘనపురం ఆనకట్ట (1905), తరువాత పోచారం జలాశయం (1922) వెలిశాయి.

అయితే ఆనకట్ట నీటిని ఆపగలదు గాని, వానను కురిపించలేదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. భూతాపం పెరిగేకొద్దీ తీవ్రమైన ఎండలు, అదును తప్పే వానలు ఎక్కువవుతాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఈ భారం యువతపై ఎలా పడుతుంది? బోరు ఎండిన కుటుంబం హైదరాబాదుకు వలసపోతే, వెంట వెళ్లిన పిల్లల చదువు మధ్యలో ఆగిపోతుంది. బోరు కోసం చేసిన అప్పు తరువాతి తరానికి మిగులుతుంది. నాటి చర్చి పని, నేటి ఉపాధి హామీ పని ఆకలిని తీర్చగలవు. ఆగిన చదువును తిరిగి ఇవ్వలేవు. అందువల్ల కరువు నష్టాన్ని ఎండిన ఎకరాలతో మాత్రమే లెక్కించకూడదు.

అభ్యాసం: మీ ఇంటి పెద్దలు ఏ సంవత్సరంలో, ఎందుకు బడి మానారో అడిగి రాయండి. ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో దాని పక్కనే రాయండి.