హార్డ్ డిస్క్ ఆరోగ్య పరీక్ష: 'పాస్డ్' అనే మాట వెనుక చరిత్ర

6.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- హార్డ్ డిస్క్ చెడిపోకముందే హెచ్చరించే 'స్మార్ట్' పద్ధతి ఎలా రూపొందిందో వివరించగలుగుతారు.
- కమాండ్ లైన్‌లో కనిపించే ఆరోగ్య వివరాలను చదివి అర్థం చేసుకోగలుగుతారు.
- ఆ వివరాలను ఎంతవరకు నమ్మవచ్చో అంచనా వేయగలుగుతారు.

6.1 పరిచయం

లినక్స్ కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి, అడ్మినిస్ట్రేటర్ అనుమతితో 'స్మార్ట్‌సీటీఎల్' అనే ఆదేశాన్ని, దాని పక్కన చిన్న అడ్డగీతతో పెద్ద హెచ్ అక్షరాన్ని, ఆ తరువాత డిస్కు పేరును టైపు చేస్తే క్షణాల్లో జవాబు వస్తుంది. సాధారణంగా అందులో 'పాస్డ్' అని ఉంటుంది. ఆ మాట చూడగానే చాలామంది నిశ్చింతగా టెర్మినల్ మూసేస్తారు. కానీ ఆ తీర్పు ఇచ్చినది ఎవరు? ఏ కొలతతో ఇచ్చారు? మీ ప్రాజెక్టు నివేదిక, కుటుంబ ఫోటోలు, కార్యాలయ లెక్కలు అన్నీ ఒకే డిస్కులో ఉన్నప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోవడం అవసరం. వాటికి జవాబు ఈ పద్ధతి పుట్టిన చరిత్రలో ఉంది.

6.2 ముందుగా పసిగట్టే ప్రయత్నం

మొదటి వాణిజ్య హార్డ్ డిస్క్‌ను ఐబీఎం సంస్థ 1956లో రామాక్ కంప్యూటర్‌తో పాటు ప్రవేశపెట్టింది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లాల మీద అది సుమారు 50 లక్షల అక్షరాలను నిల్వచేసేది. తరువాతి దశాబ్దాల్లో డిస్కు పరిమాణం తగ్గింది, నిల్వ సామర్థ్యం పెరిగింది. అయినా వేగంగా తిరిగే పళ్లెం, దానికి అతి దగ్గరగా కదిలే హెడ్ అనే ఏర్పాటు మారలేదు. తిరిగే యంత్రం కాబట్టి అరుగుదల తప్పదు.

డిస్కు వైఫల్యాలు రెండు రకాలు. ఎలక్ట్రానిక్ భాగం ఒక్కసారిగా పాడైపోవడం మొదటి రకం. దీన్ని ముందుగా గుర్తించడం కష్టం. పళ్లెం ఉపరితలం, హెడ్, బేరింగు క్రమంగా క్షీణించడం రెండవ రకం. దీనికి ముందస్తు లక్షణాలు ఉంటాయి. 1993లో ఎంఎస్-డాస్ 6.2తో వచ్చిన స్కాన్‌డిస్క్ వంటి సాధనాలు నష్టం జరిగిన తరువాత దాన్ని వెతికేవి. అది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వంటిదే. దీనికి భిన్నంగా, డిస్కు తన స్థితిని తానే గమనించుకునే పద్ధతిని ఐబీఎం 1992లో ఏఎస్/400 సర్వర్ల డిస్కు వ్యవస్థలో ప్రవేశపెట్టింది.

6.3 రెండు మార్గాలు, ఒక ప్రమాణం

ఐబీఎం పద్ధతిలో కొలతలన్నీ డిస్కు లోపలే ఉండిపోయేవి. బయటికి వచ్చేది 'బాగుంది' లేదా 'త్వరలో చెడిపోవచ్చు' అనే తీర్పు మాత్రమే. కొంతకాలానికి కాంపాక్ సంస్థ సీగేట్, క్వాంటమ్, కానర్ సంస్థలతో కలిసి 'ఇంటెల్లిసేఫ్' అనే మరో పద్ధతిని రూపొందించింది. ఇందులో డిస్కు తన కొలతలను కంప్యూటర్‌కు కూడా అందజేస్తుంది. ఈ రెండింటి మధ్య తేడాను మీరు గమనించండి. మొదటిదానిలో వినియోగదారుడికి తీర్పు మాత్రమే తెలుస్తుంది. రెండవదానిలో సాక్ష్యం కూడా అందుతుంది.

1995లో కాంపాక్ తన పద్ధతిని పరిశ్రమ ప్రమాణాల కమిటీ ముందు ఉంచింది. ఐబీఎం కూడా మద్దతు ఇచ్చింది. ఆ విధంగా రూపొందిన ఉమ్మడి ప్రమాణమే 'స్మార్ట్'. స్వీయ పర్యవేక్షణ, విశ్లేషణ, నివేదన అన్నవి ఆ పేరులోని అంశాలు. అయితే ఏయే అంశాలను కొలవాలి, ప్రమాదపు హద్దు ఎక్కడ పెట్టాలి అనే నిర్ణయం తయారీదారులకే మిగిలింది. మంచి డిస్కులు కూడా వారంటీ కింద వెనక్కి వస్తే తయారీదారుకు నష్టం. అందువల్ల తప్పుడు హెచ్చరికలు తక్కువగా ఉండేలా హద్దులు పెట్టుకోవడం సహజం. తరువాత వచ్చిన ఏటీఏ ప్రమాణాలు కొలతల పట్టిక తప్పనిసరి అనే నియమాన్ని కూడా తొలగించాయి. అయినా తయారీదారులు దాన్ని కొనసాగించారు.

6.4 విద్యార్థి రచన నుంచి ప్రపంచ సాధనం

ఈ కొలతలను సామాన్య వినియోగదారుడి ముందుకు తెచ్చినవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. అమెరికాలోని శాంటా క్రూజ్‌లో ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ కార్న్‌వెల్ అనే విద్యార్థి తన డిగ్రీ చివరి దశ పరిశోధన వ్యాసంలో భాగంగా 'స్మార్ట్‌సూట్' రాశాడు. దాని ఆధారంగా భౌతికశాస్త్రవేత్త బ్రూస్ అలెన్ 2002లో 'స్మార్ట్‌మోన్‌టూల్స్'ను ప్రారంభించాడు. గురుత్వ తరంగాల పరిశోధకుడైన ఆయనకు ఎన్నో కంప్యూటర్లను కలిపి నడిపే అవసరం ఉండేది. అన్ని డిస్కులున్న చోట వైఫల్యం అరుదైన సంఘటన కాదు. మనం పైన చెప్పుకున్న స్మార్ట్‌సీటీఎల్ ఈ సాధనంలోనిదే. దీనికి తోడుగా ఉన్న 'స్మార్ట్‌డీ' తెర వెనుక నిరంతరం గమనిస్తూ, మార్పు కనిపిస్తే హెచ్చరిస్తుంది.

6.5 ఫలితాన్ని చదివే విధానం

అదే ఆదేశంలో హెచ్‌కు బదులు పెద్ద ఏ అక్షరం ఇస్తే పట్టిక కనిపిస్తుంది. ప్రతి అంశానికి ప్రస్తుత విలువ, ఇంతవరకు నమోదైన అతి తక్కువ విలువ, తయారీదారు పెట్టిన హద్దు, అసలు లెక్క ఉంటాయి. ముఖ్యమైన అంశాల ప్రస్తుత విలువ హద్దుకు పడిపోనంత వరకు జవాబు 'పాస్డ్' అనే వస్తుంది. అంటే పాడైన సెక్టర్లు వందల్లో ఉన్నా డిస్కు 'పాస్' కావచ్చు. అందుచేత 5వ అంశమైన మార్చిన సెక్టర్ల సంఖ్యను, 197వ అంశమైన అనుమానిత సెక్టర్ల సంఖ్యను తప్పక చూడండి. ఈ రెండింటి అసలు లెక్క సున్నాగా ఉండటం మంచిది. వారం వారం పెరుగుతూ ఉంటే ఆలస్యం చేయకండి.

పళ్లెం లేని ఎన్‌వీఎంఈ డ్రైవులలో ఈ పట్టిక ఉండదు. వాడిన ఆయుష్షు శాతం, మిగిలిన అదనపు నిల్వ వంటివి కనిపిస్తాయి.

6.6 నమ్మకానికి హద్దు

2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల సమాచారాన్ని విశ్లేషించి ప్రచురించారు. మొదటిసారి సెక్టర్ మార్పు నమోదైన డిస్కు, ఆ లక్షణం లేని డిస్కుతో పోలిస్తే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 14 రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. అయితే చెడిపోయిన డిస్కులలో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రతను మినహాయిస్తే, ఏ హెచ్చరికా నమోదు కాలేదు. దీన్నిబట్టి మనం గ్రహించవలసినది ఏమిటంటే, హెచ్చరిక వస్తే దాన్ని నమ్మాలి; రాకపోతే దాన్ని హామీగా భావించరాదు.

6.7 సారాంశం

'పాస్డ్' అనేది తయారీదారు గీసిన హద్దు ప్రకారం వచ్చే తీర్పు. దాని వెనుక ఉన్న అంకెలను చూసే వీలు 1995 నాటి ఎంపిక వల్ల, ఆ తరువాత ఒక విద్యార్థి, ఒక శాస్త్రవేత్త చేసిన కృషి వల్ల మనకు దక్కింది. ఆ వీలును వినియోగించుకోండి. అయితే అంకెలు ఎంత బాగున్నా, ముఖ్యమైన ఫైళ్లకు మరో చోట ఒక నకలు ఉంచుకోండి. ఏ హెచ్చరికా లేకుండా డిస్కు ఆగిపోయిన రోజున ఆదుకునేది ఆ నకలే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఐబీఎం, కాంపాక్ పద్ధతుల మధ్య ప్రధాన భేదం ఏమిటి?
2. పాడైన సెక్టర్లు ఉన్నప్పటికీ డిస్కు 'పాస్డ్' అని ఎందుకు చూపవచ్చు?
3. 2007 నాటి అధ్యయనం ఆధారంగా 'స్మార్ట్' పద్ధతి ఉపయోగాన్ని, పరిమితిని వివరించండి.