కాంగో మృగానికి మెడ ఎప్పుడు పెరిగింది?

కాంగో చిత్తడి అడవుల్లో ఏదో మహామృగం ఉందన్న మాట పాతదే. 1776లో అచ్చయిన ఫ్రెంచి మతగురువు ప్రొయార్ పుస్తకంలో, మిషనరీలు చూశామన్న పెద్ద పాదముద్రల ప్రస్తావన ఉంది. చుట్టుకొలత మూడడుగులట, గోళ్ల గుర్తులూ ఉన్నాయట. జంతువును మాత్రం ఎవరూ చూడలేదు. పొడవాటి మెడ ఊసే లేదు. అప్పటికి డైనోసార్ అన్న పేరు పుట్టడానికే ఇంకా 66 ఏళ్లుంది.

1905లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో, అమెరికా ఉక్కు వ్యాపారి కార్నెగీ కానుకగా ఇచ్చిన డిప్లోడోకస్ అనే పొడుగుమెడ డైనోసార్ అస్థిపంజరపు నమూనా నిలబెట్టారు. 1908లో బెర్లిన్‌కూ ఒకటి చేరింది. జనం విరగబడి చూశారు. హాంబర్గ్ జంతువుల వ్యాపారి హాగెన్‌బెక్ ఆత్మకథ 1909లో ఇంగ్లీషులోకి వచ్చింది. కాంగోకు దక్షిణాన అప్పటి రొడీషియా చిత్తడి నేలల్లో సగం ఏనుగు, సగం డ్రాగన్‌లాంటి ప్రాణి ఉందని విన్నానని, అది బ్రాంటోసారస్ అనే మరో పొడుగుమెడ డైనోసార్ జాతిదే అయ్యుంటుందని అందులో రాశాడు. వెతకడానికి ఆయన పంపిన బృందం వట్టి చేతులతో తిరిగొచ్చింది.

అసలు రూపురేఖలు 1913లో దొరికాయి. జర్మన్ కామెరూన్‌లో సర్వే చేసిన కెప్టెన్ ఫాన్ స్టైన్, స్థానికులు చెప్పింది రాసుకున్నాడు: పేరు మొకెలె ఎంబెంబె, బూడిద కలిసిన గోధుమరంగు నున్నటి చర్మం, పొడవాటి మెడ, మొసలి తోకలాంటి బలమైన తోక. దగ్గరకొచ్చిన పడవను బోల్తా కొట్టి మనుషుల్ని చంపుతుంది, కానీ తినదు. దాని తిండి ఏటి ఒడ్డున పెరిగే తీగ మొక్క. ఈ శాకాహారపు వివరమే నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. భయపెట్టడానికే అల్లిన కథయితే మనుషుల్ని మింగించకుండా ఉంటుందా? పడవల్ని బోల్తా కొట్టి, గడ్డి మేసే నీటిగుర్రం అక్కడి నదుల్లో నిజంగానే ఉంది మరి.

1980, 1981లలో షికాగో జీవరసాయన శాస్త్రవేత్త రాయ్ మాకల్ కాంగోలోని లికువాలా చిత్తడుల్లో గాలించి, కథలు మాత్రం పోగుచేసుకొచ్చాడు. 1983లో కాంగో జీవశాస్త్రవేత్త మార్సెలిన్ అగ్నాన్యా అక్కడి టెలే సరస్సులో మృగాన్ని కళ్లారా చూశానన్నాడు, కానీ ఆయన కెమెరాలో పనికొచ్చే బొమ్మ ఒక్కటీ పడలేదు. ఆ సరస్సు లోతు కూడా తక్కువే.

ఈలోగా శాస్త్రం మాట మార్చింది. పొడుగుమెడ డైనోసార్లు బరువు మోయలేక నీళ్లలోనే బతికేవన్న పాత ఊహను 1970ల నుంచి పక్కన పెట్టి, అవి నేలమీద తిరిగినవేనని తేల్చింది. కాంగో మృగం మాత్రం పాత పాఠ్యపుస్తకాల బొమ్మలో ఉన్నట్టే మెడ పైకెత్తి నీళ్లలోనే ఉండిపోయింది.